సాబ్ సగం నేర్చుకున్న మాట

డాక్టర్ సాబ్ పోయిన్రన్న కబురు వచ్చినప్పుడు నేను ఉత్త కడుపుతోని ఉన్న. ఆ పొద్దు నాకు స్కానింగ్ ఉండె. చీర కట్టుకుని, బస్టాండుకు పోదామని చెప్పులు తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది. మా ఆయన ఎత్తి విన్నడు. పెట్టేసి, "ఇయ్యాల పట్నం పోవద్దులే" అన్నడు. ఎందుకంటే జరసేపు చెప్పలే. మా ఆయన గంతే. ఏండ్ల కొద్ది గిన్నెల దుకాణంల కూసుని ఆయన గూడ గిన్నె లెక్కనే అయిండు, కొడితే గాని మోగడు. మల్ల అడిగితే చెప్పిండు, "సాబ్ పోయిన్రట. నిద్రలనే."

నాకు ఏడుపు కంటె ముందు కోపమొచ్చింది. సాబ్ మీదనే. ఇప్పుడు నా రిపోర్టు తెచ్చి ఎవరికి చూపియ్యాలె? నా కడుపు లోపల ఏమున్నదో, ఎంతున్నదో, ఎన్నేండ్ల సంది ఎట్లున్నదో నాకంటె మంచిగ ఎరికైన మనిషి ఈ జహీరాబాద్‌ల ఆయనొక్కరే. చెప్పులు విడిచి గడప మీద కూసున్న. పక్కింటామె చాయ్ తెచ్చిచ్చింది. తాగబుద్ధి కాలే.

సాబ్ మా దిక్కు మనిషి గాదు. కృష్ణ ఒడ్డున పుట్టిన్రు. డెబ్బైల మొదట్ల మా దుకాణం పక్క మడిగె కిరాయికి తీసుకుని దవాఖాన పెట్టిన్రు. నేను అప్పుడే మొగుడంపల్లి నుంచి కొత్త కోడలుగ వచ్చిన. దుకాణంల పెత్తనమంతా మా అత్తది. ఆమె బీదర్ దిక్కు మనిషి, ఒక్క మాటల మూడు భాషలు కలిపి మాట్లాడేది. సాబ్ దవాఖానకు వచ్చిన పేషెంట్ల కంటె మా అత్తను చూసి పోదామని వచ్చినోళ్లే ఎక్కువ, గంత జోరు మనిషి.

వచ్చిన కొత్తల సాబ్‌కు మా మాట సమజ్ అయ్యేది గాదు. ఒకనాడు న్యాల్‌కల్ నుంచి ఒక రైతు వచ్చి, "పానం మంచిగ లేదు సాబ్" అన్నడు. సాబ్ కుర్చీ తన్నేసి లేచి, ఆయన్ని బల్ల మీద పండవెట్టి, అంగీ గుండీలు తెంపినంత పని చేసి గుండె చూసిన్రు. ఏం లేదు, ఉత్త పడిశం. మా అత్త దుకాణంల నుంచి చూసి పడిపడి నవ్వింది. "పానమంటే ఒళ్లు సాబ్. మీరు పోయే పానం అనుకున్నరా?" అన్నది. సాబ్ ఎర్రగ అయిపోయిన్రు గాని తప్పించుకపోలే. ఆనాటి సంది పేషెంట్లు లేనప్పుడు మా దుకాణం మెట్టు మీద నిలబడి, "ఈ మాటకు అర్థమేంటండీ" అని మా అత్తను అడిగేటోళ్లు. నేర్చిన మాటను మరునాడే ఎవరో ఒకరి మీద వాడేటోళ్లు. ఒక్కోసారి తప్పు వాడేటోళ్లు, మేం చాటుకు నవ్వుకునేటోళ్లం.

గట్లనే ఒక సోమవారం సాబ్ బజార్ నుంచి వేడివేడి మిర్చీలు తెప్పించి మా అత్తకు గూడ పంపిన్రు. అత్త వద్దన్నది. "ఇయ్యాల ఒక్కపొద్దు సాబ్."

"ఒక్కపొద్దంటే? ఏమీ తినరా?"

"తినం" అన్నది మా అత్త.

ఆమె అబద్ధం చెప్పలే. మాకు తినుడంటే అన్నం, రొట్టె. ఒక్కపొద్దునాడు పొద్దు గూకినదాంక అవి ముట్టం. పాలు, పండ్లు, పల్లీలు, సాబుదానా ఎన్ని తిన్నా తిన్నట్టు లెక్క గాదు. ఈ సంగతి మేం ఎవ్వరికీ చెప్పం, చెప్పాల్సిన సంగతని గూడ మాకు తోచదు. సాబ్ ఆ మాటను గట్లనే జేబుల వేసుకుని పోయిన్రు.

ఎనభైల నడుమ నాకు కడుపుల నొప్పి మొదలైంది. కుడి దిక్కు, పక్కటెముకల కింద. తిన్నంక వచ్చేది, వీపుల దాంక గుంజేది. గ్యాస్ అనుకుని వాము నమిలిన, సోడా తాగిన. చిన్నోడు ఇంక బడికి గూడ పోతలేడు, పెద్దది రెండో తరగతి. పండుకునుడుకు నాకు తీరికేది? ఒకనాడు ఇత్తడి బిందె ఎత్తబోయి నడుమంగనే కూలబడ్డ. సాబ్ పరుగున వచ్చి, వేళ్లతోని పక్కటెముక కింద నొక్కి, "ఊపిరి పీల్చమ్మా" అన్నరు. పీల్చలేకపోయిన.

"పిత్తాశయంలో రాయి ఉందేమో" అన్నరు సాబ్. "పట్నంలో కొత్త మిషన్ వచ్చింది. కడుపు కోయకుండానే లోపల ఏముందో చూపిస్తది. చెవికి వినపడని చప్పుడు లోపలికి పంపితే, తగిలి తిరిగొస్తుంది. దాన్ని బట్టి బొమ్మ కడతది."

"బాయిల కూతవెడితే మల్ల వచ్చినట్టా?" అన్నది మా అత్త.

"సరిగ్గా అట్లనే" అన్నరు సాబ్. ఆమె తెలివికి ఆయన మస్తు ఖుషీ అయ్యేటోళ్లు.

నేను మాత్రం ఒక్కటే విన్న. కోయకుండా. నాకు పదేండ్లన్నా నిండకముందు మా అమ్మకు కడుపు కోసిన్రు. ఎందుకు కోసిన్రో మాకెవరూ చెప్పలే. ఎడ్లబండిల కూసుని నవ్వుకుంట పోయింది, ఇంటికి మనిషిగ తిరిగి రాలే. ఆనాటి సంది కడుపు కోసుడన్న మాట వింటే నాకు చెవులల్ల గుయ్యిమంటది. పిల్లలను కనేటప్పుడు గూడ నాకు అదొక్కటే భయం ఉండె. ఈ సంగతి సాబ్‌కు తెలుసు, నేనే చెప్పిన.

సాబ్ చిట్టీ రాసి, నాకు అర్థం కావాలని మా మాటల్లనే చెప్పిన్రు. "సోమవారం పొద్దుగాల పోవాలె. ఒక్కపొద్దు ఉండి పోవాలె. మర్చిపోకు."

సోమవారం నాకెట్లనూ ఒక్కపొద్దే. మంచిగ కలిసొచ్చింది అనుకున్నం. మా అత్త తెల్లారకముందే లేచి, కోడలు బస్సుల కండ్లు తిరిగి పడిపోతదని, పల్లీలు దంచి, నెయ్యి దండిగ పోసి సాబుదానా చేసింది. మీద చెంబెడు పాలు. నేను తిని, తాగి, మా ఆయనతోని పట్నం పోయిన.

శనివారం మల్ల పోయి రిపోర్టు తెచ్చుకునేసరికి మా బతుకు తలకిందులైంది. రాయి గాదన్నరు. పిత్తాశయం ముడుచుకపోయి ఉన్నది, గోడ మందంగున్నది, లోపల గడ్డ లాంటిది నిండుకుని కనిపిస్తున్నదన్నరు. చెడ్డ గడ్డ కాదని చెప్పలేమన్నరు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టర్ ఆ కాయితం చూసి, వచ్చే బేస్తారం చేర్పియ్యమన్నడు. తిరుగు బస్సుల మా ఆయన ఆ కాయితం మడుస్తనే, విప్పుతనే ఉన్నడు. నేను కిటికీల నుంచి జొన్న చేన్లు చూసుకుంట కూసున్న. మా అమ్మ గూడ ఇట్లనే చేన్లు చూసుకుంట పోయి ఉంటదని తోచి కండ్లు మూసుకున్న.

ఇంటికి రాంగనే లొల్లి. "గడ్డ అంటున్నరు. ఇంక చూసేదేముంది? తీసేస్తే ఫికర్ పోతది" అన్నడు మా ఆయన. ఆయనకు భయమైతే గట్లనే తొందరపడ్తడు. "నా కడుపు నేను కోయనియ్య" అన్న. నేను అరిచిన, పిల్లలు ఏడ్చిన్రు. మా అత్త ఇద్దరినీ తిట్టి, రిపోర్టు గుంజుకుని, మమ్ముల తోలుకుని సాబ్ దగ్గరికి పోయింది.

సాబ్ కాయితం మెల్లగ చదివిన్రు. ఒక్కకాడ ఆగి, ఆ వరుస మీద వేలు పెట్టి మల్ల చదివిన్రు. "ముడుచుకుపోయి ఉందట" అని గొణిగి నా దిక్కు చూసిన్రు.

"ఆ రోజు పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"ఏం తినలే సాబ్. మీరు చెప్పినట్టు ఒక్కపొద్దే ఉన్న."

"ఏమీ తినలేదు? తాగలేదు?"

నాకంటె ముందు మా అత్త అందుకున్నది. "గట్లెట్ల ఉంచుత సాబ్, నేను లేనా? సాబుదానా చేసిపెట్టిన, నెయ్యి వేసి. చెంబెడు పాలు తాగించిన. గవి తిన్నంక గూడ ఎట్ల సోలిపోయిందో చూడున్రి."

సాబ్ కాయితం బల్ల మీద పెట్టిన్రు. బయట పేషెంట్లు దగ్గుతున్నరు. ఏం తప్పు చేసినమో నాకు తెలుస్తలేదు.

"తప్పు నాది" అన్నరు. "ఆ మాట నేను సగమే నేర్చుకున్నాను."

అప్పుడు చెప్పిన్రు. పిత్తాశయం చిన్న సంచి లాంటిదట. ఉత్త కడుపు మీద నిండుగ ఉంటదట. తిన్నా, పాలు తాగినా, ముఖ్యంగ నెయ్యి వంటిది పడితే, తన లోపలిదంతా పిండేసి ముడుచుకపోతదట. ముడుచుకున్న సంచిల ఏమున్నా సరిగ్గ కనపడదట. "మొన్న వాళ్లు చూసింది తప్పని నేననను. గడ్డే అయి ఉండొచ్చు. కానీ ఉత్త కడుపుతో ఇంకోసారి చూడకుండా నీ మీద కత్తి పెట్టనివ్వను" అన్నరు. మా ఆయన, "ఆలస్యమైతే?" అన్నడు. "బేస్తారం లోపలే చూపిద్దాం. నేను కూడా వస్తాను" అన్నరు సాబ్.

మంగళారం దవాఖాన తలుపు మూసిన్రు. అంతకుముందు పండుగకు గూడ మూసినట్టు నాకు యాదిల లేదు. బస్సుల నా ముందు సీటుల కూసుని, కోడిపిల్లను కాసినట్టు నన్ను కాసిన్రు. సదాశివపేటల బస్సు ఆగినప్పుడు మా ఆయన అలవాటు మీద రెండు చాయ్‌లు పట్టుకొచ్చిండు. సాబ్ రెండూ అందుకుని, నా ముంగట్నే గటగట తాగేసిన్రు. నాలుక కాలిందేమో, ఊరు దాటేదాంక నోరు తెరిచి ఊదుకుంట కూసున్నరు. ఇంకోనాడైతే నవ్వేదాన్ని.

నా కొంగుల ఇంకోటి ఉండె. మా అత్త పొద్దుగాల గుడికి పోయి మొక్కి, పేడా ప్రసాదం తెచ్చి నా కొంగుకు ముడేసింది. "మిషన్ కాడికి పోయేటప్పుడు నోట్లేసుకో. దేవునిది తిన్నట్టు గాదు" అన్నది. నాకూ గట్లనే తోచింది. పట్నంల దిగినంక ముడి విప్పబోయి, ఎందుకో మనసొప్పక, "సాబ్, ప్రసాదమైతే పర్వాలే గద?" అన్న. సాబ్ నడిరోడ్డు మీద నిలబడిపోయిన్రు. పేడా నా చేతుల నుంచి తీసుకుని, కండ్లకద్దుకుని, చిట్టీల చుట్టి అంగీ జేబుల పెట్టుకున్నరు. "దేవుడికి నేను చెప్పుకుంటాలే" అన్నరు.

మిషన్ గదికి పోయే ముందు నన్ను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పిన్రు. దాచే అలవాటు ఆయనకు లేదు. "నిన్ను పక్కకు తిప్పి చూస్తారు. రాయి అయితే సంచిలో దొర్లుతుంది. దాని వెనక నీడ పడుతుంది. గడ్డ అయితే గోడకు అంటుకుని ఉంటుంది, కదలదు."

అందుకే బల్ల మీద పండుకుని నేను మొక్కింది ఒక్కటే. కదులు. గది చీకటి. పక్కటెముక కింద చల్లటి జిగురు పూసి, గుండ్రటి డబ్బీ లాంటిది పెట్టి నొక్కుతున్నడు మిషన్ డాక్టర్. టీవీల మబ్బు తప్ప నాకేం తెలుస్తలేదు. నేను టీవీ చూడలే, సాబ్ మొహం చూస్తున్న. ఆ వెలుగుల ఆయన మొహం బూడిద రంగుల ఉన్నది.

"ఊపిరి పట్టు. ఎడమ పక్కకు తిరుగు."

తిరిగిన.

"కదలడం లేదు" అన్నడు మిషన్ డాక్టర్.

"కూర్చోబెట్టి చూడండి" అన్నరు సాబ్. కూసోవెట్టిన్రు. మల్ల నొక్కిన్రు.

"లేదు సార్. గోడకే ఉంది."

"నీడ?"

"నీడ లేదు."

రాయి గాదు. ఇంక అంతే, బేస్తారమే అనుకున్న. చిన్నోని మొహం కండ్ల ముంగట్కి వచ్చింది. మిషన్ డాక్టర్ ఇంకా నొక్కుతనే ఉన్నడు, ఏదో కొలుస్తున్నడు. సాబ్ ముందుకు వంగి, టీవీకి ముక్కు తగిలేటట్టు చూస్తున్నరు. ఇద్దరూ ఇంగ్లీషుల మాట్లాడుకున్నరు. తర్వాత సాబ్ కండ్లద్దాలు తీసి, అంగీ అంచుతోని తుడుచుకున్నరు. తుడిచిందే తుడుస్తున్నరు.

"అమ్మా, అది పులిపిరి."

"పులిపిరేంది సాబ్?"

"మీ అత్త మెడ మీద ఉందే, అట్లాంటిది. దీన్ని పాలిప్ అంటారు. సంచి లోపలి గోడకు మొలిచింది. పెసరగింజంత ఉంది. మొన్న సంచి ముడుచుకుంది కాబట్టి నిండా గడ్డ ఉన్నట్టు కనపడింది. ఈరోజు సంచి నిండుగా ఉంది, గోడ పలచగా ఉంది."

నేను ఏడ్సిన. పులిపిరి అన్న మాటకు నవ్వు గూడ వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లు వచ్చినయి.

గండం అప్పుడే గడవలే. ఆపరేషన్ చేసే డాక్టర్ ఆ బొమ్మ చూసి, చిన్నదైనా తీసేస్తే ఒక్కసారి పోతది గదా అన్నడు. ఆ మాటలో తప్పు లేదని సాబ్ గూడ అన్నరు. బయట బెంచీ మీద నన్ను కూసోవెట్టి, మా ఆయన్ని గాదు, నన్నే అడిగిన్రు. "ఇంత చిన్నవి మామూలుగా ఏం చేయవు. కొన్ని పెరుగుతాయి. పెరిగితే మంచిది కాదు. కోయించుకుంటవా, ఆగుతవా? ఆగితే ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోవాలె. ఒక్కసారి తప్పినా నేనూరుకోను. పెరిగిందంటే కోయించుకోవాలె, అప్పుడు మీ అమ్మ పేరు చెప్పి ఏడిస్తే వినను."

"ఆగుత" అన్న.

సాబ్ జేబుల నుంచి పొట్లం తీసిన్రు. పేడా నలిగి పొడిపొడి అయింది. నా అరచేతుల పోసి, "ఇగ తిను" అన్నరు. గంత తియ్యగ నేనెన్నడూ ఏదీ తినలే.

పులిపిరి సంగతి విని మా అత్త తన మెడ తడుముకుని, "నాది దీనికెట్ల అంటింది సాబ్?" అన్నది. గుర్రం వెంట్రుక కడితే రాలిపోతదని, లోపలిదానికి కట్టే ఉపాయం లేదా అని అడిగింది. కోహీర్‌ల గుర్రం ఉన్నోళ్లు ఎవరో గూడ కనుక్కొచ్చింది. నా నొప్పి మాత్రం పాలిప్‌ది గాదట, కడుపుల పుండుదట. కారం బంద్ చేయించి, సాబ్ ఇచ్చిన మందులతోని తగ్గింది.

ఆ మొదటి ఆర్నెల్లు నేనెట్ల బతికిన్నో నాకే తెలుసు. ఏం తిన్నా పెసరగింజ యాదికొచ్చేది. దుకాణంల కూసున్నా చెయ్యి పక్కటెముక కిందికే పోయేది. సాబ్ అటు దిక్కు పోతూ చూసి, "తీసెయ్ చెయ్యి" అని గద్దించేటోళ్లు. ఆర్నెల్లకు పోతే ఉన్నకాడ్నే ఉన్నది, ఉన్నంతనే ఉన్నది. ఆ తర్వాత ఆర్నెల్లకు గూడ గంతే. పోయిన ప్రతిసారి మా అత్త పేడా పంపేది, స్కానింగ్ అయిందాంక అది సాబ్ జేబులనే ఉండేది.

అప్పటి సంది సాబ్ వైద్యం చేసే తీరు మారిపోయింది. ఎవరొచ్చినా మందు చిట్టీ ఊరికనే ఇచ్చేటోళ్లు గాదు. "నేను చెప్పింది నువ్వు మల్ల చెప్పు" అనేటోళ్లు. చెప్పినంక గూడ, "ఉత్త కడుపంటే ఏంది?" అని అడిగి, ఆయనే అందుకునేటోళ్లు. చాయ్ లేదు, పాలు లేవు, పండు లేదు, సాబుదానా లేదు, దేవుని ప్రసాదం లేదు. ఇది సాబ్ మంత్రమని ఊరంతా ఎక్కిరించేది. కొందరు కోపానికొచ్చేటోళ్లు, మేమేమన్నా చిన్నపిల్లలమా అని. సాబ్ నవ్వి, "మీరు కాదు, నేనే" అనేటోళ్లు. ఎందుకంటున్నరో మా ఇంటోళ్లకే తెలుసు.

ఐతారం ఐతారం పట్నం పోయి, ఆ మిషన్ డాక్టర్ పక్కన కూసుని పని నేర్చుకున్నరు. ఎనభైల ఆఖరుకు ఒక పాత మిషన్ కొని జహీరాబాద్ తెచ్చిన్రు. మా అత్త దానికి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. సాబ్ దేనికీ అడ్డం చెప్పలే, జరిగి నిలబడి, నీళ్లు మాత్రం మిషన్ మీద చల్లవద్దన్నరు. ముందుగాల బల్ల ఎక్కింది నేనే.

తర్వాత మా అత్త పోయింది. సాబ్‌కు చూపు మందగించి దవాఖాన బంద్ చేసిన్రు. నేను మల్ల పట్నం పోయి తీయించుకుని, ఏడాదికోసారి రిపోర్టు తెచ్చి ఆయన ముంగట పెట్టేదాన్ని. ఆయన చదవలేరు, నేనే చదివేదాన్ని. చివరి వరుస కాడికి రాంగనే చెయ్యెత్తి ఆపేటోళ్లు. "గట్లనే ఉంది గదా? ఇగ తిను" అనేటోళ్లు. ఆయన మాట అప్పటికి పూరా మా మాటే అయిపోయింది.

పోయినవారం స్కానింగ్‌కు పోయిన. కొత్త డాక్టరమ్మ, చిన్న పిల్ల. నా పక్కటెముక కింద జిగురు పూసుకుంట, "ఇన్నేళ్లుగా ఉందా? ఆపరేషన్ వద్దని ఎవరు చెప్పారండీ?" అన్నది. "మా సాబ్" అన్న. నా కుడి పక్కటెముక కింద ఒక్క గాటు లేదు. ఎవరన్నా సాబ్ నీకేం చేసిండని అడిగితే, చూపించనీకి నా ఒంటి మీద ఏం లేదు. ఆయన చేసింది గదే. ఆమె చెప్పకముందే నేను ఎడమ పక్కకు తిరిగిన.

"కదలడం లేదండీ. పెరగలేదు కూడా" అన్నదా పిల్ల.

బయటికొచ్చి బెంచీ మీద కూసున్న. మా ఆయన రిపోర్టు కొరకు పోయిండు. కొంగు ముడి విప్పి పేడా అరచేతుల పెట్టుకున్న. పొద్దటి సంది ఉత్త కడుపు, ఆకలైతున్నది. ఎవరన్నా "ఇగ తిను" అంటరేమోనని జరసేపు చూసిన.